ఉబుంటు బాబాయి

గృహప్రవేశానికి వచ్చినవాళ్లు పూజగది ఎటుందో, వంటింట్లోకి వెలుతురు వస్తోందో లేదో చూస్తారు. ఉబుంటు బాబాయి మాత్రం సరాసరి కంప్యూటర్ దగ్గరికి వెళ్తాడు. "ఇందులో ఏం వేశారు?" అంటాడు. విండోస్ అని తెలియగానే స్కానింగ్ రిపోర్టు చూసిన డాక్టరులా గంభీరమైపోతాడు. భోజనాలయ్యేలోపు తాళంచెవుల గుత్తి నుంచి పెన్‌డ్రైవ్ ఊడదీస్తాడు.

ఇలాంటి బాబాయి ప్రతి చుట్టరికంలోనూ ఒకడుంటాడు. వయసు యాభై దాటి ఉంటుంది. లైనక్స్ గుర్తైన పెంగ్విన్ బొమ్మ వెలిసిపోయిన టీషర్టు ఒకటుంటుంది. దాన్ని ఇల్లు తుడిచే గుడ్డగా మార్చాలని పిన్ని కాచుకుని ఉంటుంది. విండోస్ బదులు వేసుకునే లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 2004లో మొదటిసారి విడుదలైంది. ఆ తర్వాత 2011 దాకా, అడ్రసు ఇస్తే చాలు, సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు. అలా విదేశం నుంచి వచ్చిన సీడీ ఒకటి బాబాయి బీరువాలో, పొలం దస్తావేజుల పక్కన ఇప్పటికీ భద్రంగా ఉంది. దాన్ని పెట్టి చూడటానికి డ్రైవు మాత్రం ఇంట్లో ఏ కంప్యూటర్‌కీ లేదు.

ఆయన ఉపన్యాసం 1991 ఆగస్టు 25న మొదలవుతుంది. లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల ఫిన్లాండు కుర్రాడు, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని లోకానికి చెప్పిన రోజది. అదే లైనక్స్. అక్కణ్ణుంచి ఊపిరి తీసుకోకుండా సూపర్ కంప్యూటర్ల దగ్గరికి వస్తాడు. ప్రపంచంలోకెల్లా వేగమైన 500 యంత్రాలూ 2017 నుంచి లైనక్స్ మీదే నడుస్తున్నాయంటాడు. నిజమే. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ అదేనంటాడు. అదీ నిజమే.

"నీ చేతిలో ఉన్నది కూడా లైనక్సే వదినా!"

"మరి ఇందులో వాట్సాప్ ఉందిగా. నీ కంప్యూటర్‌లో లేదంటావేం?"

బ్రౌజర్‌లో తెరుచుకోవచ్చని చెప్పేలోపే వదినగారు వంటింట్లోకి వెళ్లిపోయి ఉంటుంది.

విండోస్‌కి వేలు పొయ్యాలి, ఇది ఉచితం అన్నది ఆయన పెద్ద అస్త్రం. అది పారదు. విండోస్‌ను విడిగా డబ్బిచ్చి కొన్నవాణ్ణి చూపించమంటే ఊరంతా గాలించాలి. లాప్‌టాప్ ధరలో అదీ కలిసే వచ్చేస్తుంది. అసెంబుల్డ్ డబ్బా అయితే షాపు కుర్రాడే ఏదో క్రాక్ కొట్టి ఇచ్చేస్తాడు. బాబాయి తోడల్లుడిది అలాంటి డబ్బానే. యాక్టివేట్ చేసుకోమని బతిమాలే బూడిదరంగు అక్షరాలు తెర కుడివైపు కింది మూల ఏళ్లుగా ఉన్నాయి. వాటి ముందు కూర్చునే ఆయన "క్వాలిటీ కావాలంటే డబ్బు పెట్టాలన్నయ్యా" అని బాబాయికి హితవు చెబుతుంటాడు.

బాబాయికి అసలు దెబ్బ తగిలింది డీటీపీ సెంటర్లో. కూతురి శుభలేఖ స్వయంగా లిబ్రాఫీస్‌లో, పోతన ఫాంటులో టైపు చేసి పట్టుకెళ్లాడు. షాపతను ఫైలు వంక జాలిగా చూశాడు. పేజ్‌మేకర్, అందులో అనూ ఫాంట్లు, గోడకి లామినేషన్ చేయించిన కీబోర్డు పటం: అతని బతుకుతెరువంతా అదే. ఆ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో.

"సార్, దీంట్ల యూనికోడ్ తెలుగు సక్కగ రాదు. మీ పెంగ్విన్ల అనూ నడుస్తదా?"

విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపించే వైన్ అనేది ఒకటి ఉందని బాబాయి మొదలుపెట్టాడు.

"పెండ్లికార్డుకు వైన్ ఎందుకు సార్?"

కార్డంతా అనూలో మళ్లీ కొట్టారు. బాబాయి పక్కన స్టూలు మీద కూర్చుని తప్పులు దిద్దాడు. ఇక ఆడిటర్ల ఆఫీసుల జోలికైతే ఆయన పోనే పోడు. వాళ్ల లెక్కల ప్రోగ్రాము ట్యాలీ విండోస్ మనిషి, అక్కడ ఆయన పప్పులుడకవు.

ఇది చాలదన్నట్టు శత్రువు కూడా మాట మార్చేశాడు. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లైనక్స్‌ను క్యాన్సర్ అన్నాడు. ఆ ఒక్క మాట మీద బాబాయి పదమూడేళ్లు నెట్టుకొచ్చాడు. 2014లో మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల ఆ కుర్చీలో కూర్చుని, మాకు లైనక్స్ అంటే ప్రేమ అనేశాడు. 2016 నుంచి విండోస్ లోపలే లైనక్స్ నడుస్తోంది. ఆ ఏడాది బాబాయి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదట. తిట్టుకోవడానికి సొంత మనుషులు ఉన్నారు కాబట్టి తేరుకున్నాడు. లైనక్స్‌లోనే వేర్వేరు రకాలు వాడే ఉబుంటు ఆయనా, డెబియన్ ఆయనా, ఆర్చ్ కుర్రాడూ ఒకచోట చేరితే విండోస్ ఊసే రాదు, వాళ్లలో వాళ్లకే సరిపోతుంది.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరానిది కావాలి. తోడల్లుడిది నాలుగో తరం. ఫోన్ వచ్చింది. బాబాయి చొక్కా మార్చుకోకుండా బయల్దేరాడు.

కంప్యూటర్ ఆన్ చేసి ఎఫ్12 టపటపా కొట్టాడు. ఉబుంటు మీదే కట్టిన లైనక్స్ మింట్ పెన్‌డ్రైవ్ నుంచి తెరుచుకుంది. డిస్కు మొత్తం తుడిచెయ్యమంటావా అని అడిగే పేజీ దగ్గర చెయ్యి ఆపాడు.

"ఫొటోలెక్కడున్నాయి తమ్ముడూ?"

"ఏ ఫొటోలు?"

పక్కగదిలోంచి మరదలు పరుగున వచ్చింది. పిల్లాడి ఒడుగు ఫొటోలు, అమెరికా ట్రిప్పు వీడియోలు, డెస్క్‌టాప్ నిండా చెల్లాచెదురుగా ఉన్నాయి. అవన్నీ వేరే డిస్కులోకి ఎక్కేసరికి దీపాలు పెట్టే వేళయింది.

మింట్‌లో మెనూ ఎడమవైపు కిందే ఉంటుంది, గడియారం కుడివైపే ఉంటుంది. తోడల్లుడికి కావలసింది బ్రౌజర్, యూట్యూబ్, కరెంటు బిల్లు. వాటికి ఏ లోటూ రాలేదు. వైరస్ భయం తగ్గింది, అప్‌డేట్ల కోసం మధ్యలో ఆగిపోవడమూ తగ్గింది. నెల తిరక్కుండానే ఆయన చుట్టాలందరికీ చెప్పుకొచ్చాడు: "మా అన్నయ్య కొత్త విండోస్ వేశాడండీ, భలే స్పీడు!"

ఆ మాట చెవిన పడి బాబాయి ఫోన్ చేశాడు. అది విండోస్ కాదని, లైనక్స్ అని, ఆ మాటకొస్తే గ్నూ లైనక్స్ అనాలని, 1991 నుంచి మొదలుపెట్టి వివరించాడు. తోడల్లుడు ఓపిగ్గా ఊఁ కొట్టాడు.

"అలాగే అన్నయ్యా. అన్నట్టు, ఈ విండోస్‌కి ప్రింటర్ ఎలా కలపాలి?"