ఫిరంగికీ లొంగని కారు

బొబ్బిలిలో పుట్టి ముప్ఫయ్యేళ్ళు సాంఘికం చెప్పిన మనిషికి కోటల మీద ధ్యాస ఉండటం తప్పు కాదు. మా వీధి మాస్టారు రిటైరయ్యాక సెకండ్‌హ్యాండులో ఓ పాత మారుతి 800 కొన్నారు. 1983లో తొలిసారి రోడ్డెక్కిన బండి అది. ఇప్పటి కార్లలా పాత మోడళ్ళ తాళంచెవిలో చిప్ ఉండదు. తెలిసినవాడు నాలుగు తీగలు పీకి కలిపితే ఇంజను లేచి కూర్చుంటుంది. ఆ సంగతి ఎవరో చెవిన వేశారు. అంతే, మాస్టారికి నిద్ర కరువైంది.

ముందు గేదె గొలుసు తెచ్చి వెనక చక్రాన్ని అరుగు స్తంభానికి కట్టారు. క్లచ్ పెడల్‌నీ స్టీరింగ్‌నీ కలిపి ఇంకో గొలుసు. కాయిల్‌కి వెళ్ళే తీగ మధ్యలో స్విచ్చి పెట్టించి సీటు కింద దాచారు. ఆఖరి అస్త్రం రోటరు. డిస్ట్రిబ్యూటర్ మూత కింద చిన్న ముక్క అది, ఒక్కో ప్లగ్గుకీ కరెంటు పంచేది అదే. దాన్ని తీసేస్తే సెల్ఫు ఎంత కొట్టినా పెట్రోలు ఇంజను పలకదు. (నిజానికి ఇదొక్కటే చాలు. పాత డ్రైవర్లు చేసిన పనే, పైసా ఖర్చు లేదు. కానీ మాస్టారికి ఒక్క బురుజుతో తృప్తి ఉంటే కదా!)

ఇవన్నీ చేసి ఊరుకున్నా బాగుండేది. టీ కొట్టు దగ్గర రోజూ పాఠం. "1757లో బుస్సీ ఫిరంగులు తెచ్చాడు కాబట్టి మన కోట పడింది. నా కారు ఫిరంగికీ కదలదు. గొలుసు తాళాలు తులసికోట వెనక, రోటరు నా జేబులో!" బల్ల మీద ఉన్నవాళ్ళంతా మనవాళ్ళేనా అని ఆయన ఏనాడూ చూసుకోలేదు.

ఈ బందోబస్తంతా విప్పేసరికి అరగంట. అందులో ఏదో ఒకటి మరిచిపోయేవారు, బండి కదిలేది కాదు, వీధంతా వచ్చి తోసేది. అందరికీ అదో అలవాటైపోయింది. అందుకే సాలూరులో పెళ్ళికి మాస్టారు దంపతులు బస్సులో వెళ్ళారు. రోటరు మాత్రం జేబులోనే ఉంది.

సాయంత్రం వచ్చేసరికి వాకిట్లో కారు లేదు. గొలుసులు రెండూ అరుగు మీద పొందిగ్గా చుట్టి ఉన్నాయి. ఎదురింటాయన ఎదురొచ్చాడు.

"ఏటి మాస్టారూ, కారు బాగయిందేటి? పొద్దున్న షెడ్డు నించి ఇద్దరు కుర్రోళ్ళొచ్చారు, మీరే పంపారంట. తాళాలు తులసికోట యెనకాల ఉన్నాయని ఆళ్ళే సెప్పారు. మీరు సెప్పకపోతే ఆళ్ళకెలా తెలుత్తాది? గొలుసులు మేమే ఇప్పాం. పాపం, ఎంత తంటాలు పడినా బండి లెగలేదు. అందరం కలిసి మెయిన్ రోడ్డు దాకా తోసి, ఆళ్ళ ట్రక్కు ఆటోకి కట్టి పంపించాం."

మాస్టారు జేబు తడుముకున్నారు.

"ఆళ్ళ తాడు తెగిపోతే కొత్తది నేనే కొనిచ్చాను మాస్టారూ. 180 రూపాయలు. మీ కాడ తీసుకోమన్నారు."

కారు దొరకలేదు. తాడు డబ్బులు మాస్టారు ఆ రాత్రే ఇచ్చేశారు.