ధాన్యం ఎక్కడ ఎంత బరువు?

వస్తువుకు ఒకటే బరువు ఉంటుందని భౌతికశాస్త్రం నమ్మకం. తెలుగునాట వరి ధాన్యం కల్లం నుంచి మిల్లుకు చేరేలోపు ఆ నమ్మకాన్ని నాలుగుసార్లు వమ్ము చేస్తుంది. కొనుగోలు దగ్గర నలభై కిలోల బస్తా నలభై రెండో నలభై మూడో తూగితేనే నలభై కింద లెక్క. ఆ పై కిలోల పేరు తరుగు. లారీ ఎక్కాక ఆర్సీలో ఎంత రాసి ఉందో ధాన్యం కూడా అంతే తూగాలి. వేబిల్లు ఆర్సీని చూసి రాస్తారు కాబట్టి ఆ రెంటికీ ఎప్పుడూ తగాదా రాదు. నిజం పలికేది దారిపక్క ప్రైవేటు కాటా ఒక్కటే. ఆ చీటీ సీటు కిందకు పోతుంది.

పరిమితికి ఆధారం 1988 మోటారు వాహనాల చట్టంలోని 113వ సెక్షన్. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న మొత్తం బరువును, అంటే బండీ సరుకూ మనుషులూ కలిపి లెక్కగట్టిన బరువును, దాటి ఏ బండీ రోడ్డెక్కకూడదు. ఒక్కో ఇరుసుకు ఎంతన్నది కేంద్రం చెబుతుంది. 1983లో చెప్పిన మాటను 2018 జులైలో మార్చింది: నాలుగు టైర్ల ఇరుసు 10.2 టన్నుల నుంచి 11.5కు, ఆరు టైర్ల లారీ మొత్తం 16.2 నుంచి 18.5కు, అన్నిటికన్నా పెద్ద బళ్లు 49 నుంచి 55కు పెరిగాయి. ఆ సవరణతో దేశంలో ఓవర్‌లోడు గణనీయంగా తగ్గింది. ఒక్క బస్తా కూడా కిందికి దించాల్సిన పని పడలేదు.

గెజిట్ ప్రతి రోడ్డుకు అందినట్టు లేదు. 1950ల చివర్లో అమెరికాలోని ఇలినాయ్‌లో లారీలను నెలల తరబడి ఒకే దారిలో తిప్పి ఇంజినీర్లు ఒక సంగతి తేల్చారు: రోడ్డుకు తగిలే దెబ్బ ఇరుసు బరువుతో సమానంగా కాక, దాదాపు దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు రెట్టింపయితే దెబ్బ పదహారు రెట్లు. ఆ లెక్కన 10.2కు బదులు 11.5 టన్నులు మోసే ఇరుసు పదమూడు శాతం ఎక్కువ బరువు తీసుకుపోతూ, రోడ్డును అరవై శాతం ఎక్కువ నలుపుతుంది. ఇది పూర్తిగా చట్టబద్ధమైన నలుగుడు. తర్వాత పడే గుంతకు మాత్రం ఏ సెక్షనూ లేదు.

పరిమితి తర్వాతది పర్మిట్. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకుల బండికి పర్మిట్ అక్కర్లేదని చట్టంలోనే ఉంది. మదనపల్లె టమాటా ట్రేలు చిన్న బండి మీద గోపురంలా లేవడానికి ఈ మినహాయింపు కొంత కారణం. బండికి పర్మిట్ లేకపోవడాన్ని బరువుకు హద్దు లేకపోవడంగా చదువుకోవడం వాడుకలో స్థిరపడిన వ్యాఖ్యానం. పెద్ద బళ్లకు ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ పక్క రాష్ట్రంలో చెల్లాలంటే అక్కడి అధికారి కౌంటర్ సంతకం ఉండాలి, లేదా నేషనల్ పర్మిట్ తీసుకోవాలి. ఖమ్మం మిర్చి గుంటూరు యార్డుకు వెళ్లడానికి ఒకప్పుడు ఈ గొడవ లేదు. 2014 జూన్ 2న లారీ ఉన్నచోటే ఉండగా సరిహద్దే వచ్చి దాని ముందు నిలబడింది. మరుసటి ఏప్రిల్ నుంచి పన్నూ మొదలైంది. టిక్కీలు అవే, ఘాటు అదే, రోడ్డూ అదే. కాగితాలే కొత్తవి.

శిక్ష 194వ సెక్షన్‌లో ఉంది. పూర్వం కనీస జరిమానా రెండు వేలు, పైన టన్నుకు వెయ్యి. 2019 సెప్టెంబరు 1 నుంచి అది ఇరవై వేలు, టన్నుకు రెండు వేలు. ఆరు టైర్ల లారీ ఖాళీగా ఆరున్నర టన్నులుంటే, 75 కిలోల ధాన్యం బస్తాలు నూట అరవై వేసేసరికి హద్దు నిండిపోతుంది. రెండు వందలు వేస్తే మూడు టన్నులు ఎక్కువ. జరిమానా ఇరవై ఆరు వేలు. కాటా ఎక్కనని మొండికేస్తే నలభై వేలు. కాబట్టి ఎక్కడమే లాభం. ఎండుగడ్డి లారీకి ఈ బాధ లేదు, అది తేలిక. కాకపోతే పక్కలకు పొంగి ఎదురొచ్చే బస్సుల అద్దాలు తుడుస్తూ పోతుంది గనక, దానికోసం అదే సెక్షన్‌లో 1ఎ అని వేరే ఇరవై వేలు కేటాయించారు. బరువున్న పంటకూ బరువులేని పంటకూ ఇంత సమానంగా పంచిపెట్టిన వ్యవసాయ పథకం మరొకటి కనబడదు.

జరిమానా కడితే సరిపోదు, అదనపు సరుకు దించాలి. రాష్ట్రాలు రుసుము పుచ్చుకుని అదే లోడుతో బండిని సాగనంపడం కుదరదని 2005లో పరమ్‌జిత్ భాసిన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దించేవరకూ బండి కదలకూడదని 2019 సవరణ మళ్లీ రాసింది. ఎక్కడ దించాలన్నదే తేలలేదు. అర్ధరాత్రి, హైవే పక్క, నలభై బస్తాలు, మబ్బు పట్టిన ఆకాశం, హమాలీలు ఊళ్లో నిద్రలో. గోడౌన్ లేదు, పట్టా ఒక్కటే ఉంది, అదీ లారీకి చాలీచాలనిది. ఇలాంటి చోట సరుకు సాధారణంగా కాగితం మీదే దిగుతుంది. ఆ దింపుడు కూలి పేరు మామూలు. దానికి రసీదు ఉండదు కనుక, ఎంతన్నది ఏ నివేదికకూ ఎక్కదు.

అమెరికాలో మిన్నెసోటా వంటి రాష్ట్రాలు కోతల కాలంలో పంట లారీలకు పది శాతం అదనపు బరువును పర్మిట్ ఇచ్చి మరీ ఒప్పుకుంటాయి. అక్కడ కాగితం ఇచ్చి వదిలేస్తారు. ఇక్కడి పద్ధతిలో కాగితం ఖర్చు మిగులుతుంది.

194వ సెక్షన్ నడిపినవాణ్నే కాదు, నడిపించినవాణ్నీ నడపనిచ్చినవాణ్నీ కలిపి దోషులంటుంది. ముగ్గురిలో రోడ్డు మీద దొరికేది మొదటివాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తినప్పుడు కిరాయి కుదిర్చిన వ్యాపారి దుకాణంలో ఉంటాడు, ఓనరు ఫోన్లో ఉంటాడు. కిరాయి టన్ను లెక్కన మాట్లాడేటప్పుడే ఆ పై మూడు టన్నులు లెక్కలో ఉంటాయి. హద్దులో నడిపితే డీజిలు, టోలు, ఫైనాన్సు వాయిదా పోగా డ్రైవరు బత్తాకు మిగిలేది తక్కువ. అందుకని ఏదో ఒక రోజు పడబోయే ఇరవై ఆరు వేలనూ రోజూ పడే మామూలునూ కిరాయిలో ముందే కలిపేస్తారు, కిరాయిని కొనుగోలు ధరలోంచి తీసేస్తారు. అలా అది కల్లం దగ్గరికి, తరుగు తీసిన బస్తా పక్కకే తిరిగి చేరుతుంది. రైతు చేతికొచ్చే చిట్టీలో ఆ పద్దు ఒక్క మాటలో ఉంటుంది: ఖర్చులు.