గుమ్మంలో కాటా

బందరు, గుడివాడ, దివిసీమ... ఎక్కడ చర్చికి వెళ్ళినా కాటా పెద్దయ్య ఒకడుంటాడు. పాస్టరుగారు దీవెన ముగించీ ముగించకముందే ఆయన గుమ్మంలో ఉంటాడు. తెల్లచొక్కా, చంకలో జిప్పు బైబిలు. "వందనాలమ్మా" అని చేతులు జోడిస్తాడు గానీ, కళ్ళు మాత్రం ధాన్యం కాటా ముల్లులా పైకీ కిందికీ ఊగి ఒకచోట ఆగుతాయి. "క్రిస్మస్‌కి ఇలా లేవే! ఈస్టరు నాటికి ఇంత ఒళ్ళు చేశావేంటి?" వెనకాలొచ్చిన కుర్రాడికి, "హాస్టల్లో అన్నం పెట్టట్లేదట్రా?" ఆ వెనక కొత్తకోడలికి, "ఎండలో తిరక్కమ్మా, ఉన్న చాయ కూడా పోతోంది." ముగ్గురూ అప్పుడే లోపల పాపక్షమాపణ పొంది వచ్చినవాళ్ళు.

చెడ్డవాడు కాదు. ఎవరింట్లో జ్వరమొచ్చినా మొదట ప్రార్థన చేసేదీ, ఆసుపత్రికి ఆటో పిలిచేదీ ఆయనే. పరామర్శకీ పరీక్షకీ తేడా తెలియదు, అంతే.

వాక్యం లేకుండా మాట్లాడడు. బందరులో బైబిలు చదువు నిన్నమొన్నటిది కాదు. మిషనరీ రాబర్ట్ నోబుల్ 1841లో ఇక్కడికొచ్చి 1843లో బడి పెట్టాడు. ఇంత చదువులోంచి పెద్దయ్య తనకి కావలసినవి ఏరుకున్నాడు. దేహం దేవుని ఆలయమన్న మాట లావుపాటి వాళ్ళ మీద ప్రయోగిస్తాడు. కొరింథీయులకు రాసిన ఆ అధ్యాయంలో పౌలు హెచ్చరించింది వ్యభిచారం గురించి, నడుము కొలత గురించి కాదు. పొద్దున్నే కాస్త నడవండి అని ఎవరైనా తనకి చెబితే, దేహ వ్యాయామం వల్ల లాభం కొంచెమేనని పౌలు తిమోతికి రాసిన ముక్క తీస్తాడు. అదే పత్రికలో, తర్వాతి అధ్యాయంలోనే, తిమోతి కడుపు జబ్బుకి పౌలు మందు కూడా చెప్పాడు. ఆ మందు ద్రాక్షారసం కాబట్టి పెద్దయ్య ఆ వచనం పైకి చదవడు.

మొదటి సమూయేలు పదహారో అధ్యాయం ఆయనకి కంఠతా వచ్చు. ఏలీయాబు ఎత్తూ రూపూ చూసి సమూయేలంతటి ప్రవక్తే రాజు ఇతనే అనుకున్నాడు. నేను చూసేది హృదయాన్ని అని దేవుడు ఏడో వచనంలో సరిదిద్దాడు. కానీ పన్నెండో వచనంలో దావీదు ఎర్రనివాడనీ అందగాడనీ ఉంది కదా, పెద్దయ్య బండి అక్కడే ఆగిపోయింది.

పెళ్ళిసంబంధాల్లో ఈ పైపై చూపు బయటపడుతుంది. "పిల్ల బాప్తిస్మం తీసుకుంది, పాటలు బాగా పాడుతుంది, గుడివాడలో ఉద్యోగం. రంగే కాస్త..." అని నీళ్ళు నములుతాడు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ కంపెనీ కూడా 2020లో ఆ పేరు మార్చుకుంది. పెద్దయ్య ఇంకా మారలేదు. పరమగీతంలో నాయిక మొదటి అధ్యాయంలోనే తాను నల్లనిదాన్ననీ సౌందర్యవతిననీ చెప్పుకుంటుంది. పెద్దయ్య మధ్యవర్తి అయితే సొలొమోను సంబంధం తప్పిపోయేదే!

నిజానికి ఒంటి బరువు పట్టించుకోవలసిన విషయమే, కాని దానికి లెక్క ఉంది. బీఎంఐకి మూలమైన సూత్రాన్ని 1832లో ఇచ్చిన బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త కెట్లే వెతికింది జనాభా సగటుని, ఒక్కో మనిషి లోపాన్ని కాదు. మనవాళ్ళకి బీఎంఐ 23 దాటితే అధిక బరువనీ, నడుము మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలనీ 2009లో మన వైద్యులు నిర్ణయించారు. అది కూడా డాక్టరు గదిలో, టేపు పెట్టి చూడవలసిన సంగతి. పెద్దయ్య బెల్టు ఆ 90ని ఎప్పుడో దాటింది. అదేమిటంటే, దేవుని దీవెన అంటాడు, బందరు లడ్డు చిదుపుతూ.

ఓసారి నాగాయలంక వైపు కూడికల్లో ఒక ముసలమ్మని, "ఎంత కమిలిపోయావే" అన్నాడట. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో చెట్లు పట్టుకుని బతికినవాళ్ళలో ఆమె ఒకతె. "ఆ రాత్రి తెల్లార్లూ తాడిచెట్టుని వాటేసుకున్న చేతులయ్యా ఇవి. చెట్టు నా రంగడగలేదు" అందట. పెద్దయ్య ఆ పూట ఇంకెవర్నీ తూచలేదు. మరుసటి పూట మామూలే.

మీ సంఘంలోనూ ఉండే ఉంటాడు. తగువు పెట్టుకోకండి. వందనాలు చెప్పి, "మీ షుగరు ఎంతుందండీ, పరగడుపునా, తిన్నాకా?" అని నలుగురికీ వినపడేలా ఆప్యాయంగా అడగండి.