డెక్కపై దస్తూరి

ఆ కరపత్రము మీ ఇంటికిని వచ్చియే యుండును. లోయలోని గుర్రపుసాలలకు చేరవలసిన దానిని కొండమీది కాలనీల తపాలాపెట్టెలలో నింపిపోవుటయే దాని ప్రచురణకర్తల ప్రథమ విజయము గనుక, రెడ్మండ్ మొదలుకొని సమామిష్ వరకు, గుర్రమును టీవీలో తప్ప చూచి యెరుగని మన తెలుగు కుటుంబములన్నియు, వరద వచ్చినపుడు తమ అశ్వమును రక్షించుకొను పది సోపానములను ఈపాటికి కంఠస్థము చేసికొని యుండవలెను. నీట నానినను చినగని కాగితము; నాలుగు రంగుల అచ్చు; ముఖపత్రముపై పండ్లన్నియు కనబడునట్లు నవ్వుచున్న ఒక గుర్రము. గుర్రము నవ్వుట నేనీ జన్మమున చూడలేదు. తన యజమానురాలు మోకాలిలోతు నీటిలో నిలిచి ఆ సోపానములను పైకి చదువుచుండగా విన్న గుర్రమైనచో, పాపము, నవ్వకేమి చేయును?

స్నోక్వాల్మీ నదిని గూర్చి మీకు చెప్పవలసినది లేదు. వేసవిలో స్వదేశమునుండి వచ్చిన చుట్టములను తీసికొనిపోయి, 268 అడుగుల ఎత్తునుండి దుముకు ఆ జలపాతము నెదుట నిలువబెట్టి ఛాయాచిత్రములు తీయించుట మనకు సత్యనారాయణ వ్రతమంతటి ఆచారమైనది. దుమికిన ఆ నీరు ఆపై ఎటు పోవునని అడిగినవారిని మాత్రము నేను చూడలేదు. ఫాల్ సిటీ యొద్ద రేజింగ్ నదిని, కార్నేషన్ యొద్ద టోల్ట్ నదిని కలుపుకొని, తాంబాళమువలె చదునైన లోయలో తొందరలేని పెద్దమనిషివలె మెలికలు తిరుగుచు, డువాల్ ప్రక్కగా సాగి, మన్రోకు చేరువలో స్కైకోమిష్‌తో కలిసి అది స్నోహోమిష్ అగును. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు ఎప్పుడైనను, హవాయి దిక్కునుండి బయలుదేరిన వెచ్చని మేఘపంక్తి, పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అని దానికి ముద్దుపేరు, కాస్కేడ్ కొండలమీది మంచుపై కురిసెనా, వానయు కరిగిన మంచును ఏకమై ఒక్క రాత్రిలో ఆ తాంబాళమును నింపివేయును. వరదను పట్టి నిలుపుటకని ఆ నదిపై కట్టిన ఆనకట్ట లేదు. కౌంటీవారు మాత్రము వరదను నాలుగు దశలుగా విభజించి, ఎగువనున్న మూడు పాయల నీరు కూడి సెకనుకు 38,000 ఘనపుటడుగులైనపుడు దానిని నాలుగవ దశయని ప్రకటింతురు. ఐదవ దశ లేదు. 1990 నవంబరులో, 2006 నవంబరులో, 2009 జనవరిలో వచ్చినవాటిని లోయవారు ఇండ్లలో పురుళ్ళను, చావులను చెప్పుకొన్నట్లు చెప్పుకొందురు. ఆ 1990 నాటి తుపానులోనే వాషింగ్టన్ సరస్సుపై తేలుటకని కట్టిన వంతెన మునిగిపోయినది. తేలవలసినవి మునుగుటయు, మునుగవలసినవి తేలుటయు ఈ సీమకు క్రొత్తకాదు.

ఇక సోపానములు. మొదటిది: ప్రణాళిక కలిగియుండుడు. రెండవది: మీ వరద దశను తెలిసికొనుడు. ఐదవది: గుర్రము ప్రక్కన మీరు నిలిచి ఫోటో తీయించుకొనుడు. ఏడవది: గుర్రమును ట్రైలరులో ఎక్కించుట ముందుగా అభ్యసింపుడు; మంచి మాట, ఇంతకు పూర్వము ఎవరికిని తోచలేదు. పదవది: ధైర్యముగా నుండుడు. వీనికన్నిటికిని కలిపి ఈ ఏడు అందరి నోటను నానుచున్న 'రెజిలియన్స్' అను పదమును తిలకముగా దిద్దినారు. తట్టుకొనుటయని దాని తాత్పర్యమట. తట్టుకొనవలసినది ఎవరో, తట్టుకొనుడని చెప్పుచున్నది ఎవరో మాత్రము తాత్పర్యమున లేదు.

నన్ను నిద్రపోనీయనిది నాలుగవ సోపానము: 'చెరగని సిరాతో మీ ఫోను నంబరును గుర్రపు డెక్కపై వ్రాయుడు.'

మన దేశమున చెరువులను కప్పివేయు ఒక కలుపుమొక్కకు గుర్రపుడెక్క యని పేరు కలదు. అది నీటిపై తేలును. తేలుటయే దాని వృత్తి. ఈ సోపానమును రచించిన మహాశయుడు పూర్వజన్మమున కొల్లేటి గట్టున పుట్టినవాడై, ఆ డెక్కకును ఈ డెక్కకును భేదమును మరచి యుండునని నా అనుమానము. కాకున్నచో, వరదనీట గుర్రపు శరీరములో అన్నిటికంటె ముందు మునుగునదియు, అన్నిటికంటె చివర బయటపడునదియు డెక్కయే యని, అటుపిమ్మట కూడ ఆ డెక్క నెలనాళ్ళు బురదలోనే యుండునని, నాలుగు రంగులలో అచ్చువేయించినవారికి ఒక్క రంగులోనైనను స్ఫురింపకుండుట ఎట్లు?

పోనిండు, వ్రాయుదమనుకొందము. ఈ దేశపు ఫోను నంబరుకు అంకెలు పది. గుర్రమునకు డెక్కలు నాలుగు. పదిని నాలుగుచే భాగింపగా రెండు వచ్చి రెండు శేషించును. ఆ శేషించిన రెండంకెలను ముందుకాళ్ళకు ఇచ్చుటయా, వెనుకకాళ్ళకు ఇచ్చుటయా? మన ప్రాంతపు సంఖ్య 425తో మొదలగునట్టిదైనచో, ఆ 425 ఏ కాలిపై నుండవలెను? కుడికాలు ముందు మోపుట మనకు శుభము. ఎడమప్రక్కనుండి గుర్రమెక్కుట వారికి ఆచారము. చదువువాడు ఏ ఆచారమువాడో ముందుగా తెలియుటెట్లు? పడవపై వచ్చిన రక్షకభటుడు ఈదుచున్న గుర్రము చుట్టు ప్రదక్షిణము చేసి, ఒక్కొక్క కాలును బయటకు లాగి, అంకెలను కూర్చుకొని, అపసవ్యముగా తిరిగియుండినచో ఎవరికో అర్ధరాత్రమున ఫోను చేసి, అయ్యా మీ గుర్రము దొరకినదని చెప్పగా, ఆ అవతలివాడు నావంటివాడే యైనచో, ఏ ఫోను మోసమో యని తిట్టి పెట్టివేయును.

ఒక్క డెక్కపైననే పదియంకెలును పట్టింతమా? అది బెత్తెడు జాగా. చీమలబారువలె వ్రాయవలెను. అందును అనేకాశ్వములకు డెక్కలు నల్లనివి. నల్ల డెక్కపై నల్ల సిరాతో వ్రాసిన సంఖ్య వేదాంతులు చెప్పు నిర్గుణ బ్రహ్మమువంటిది; కలదు, కానరాదు.

ఇదంతయు కుర్చీలో కూర్చుండి చేసిన ఊహ యనుకొందురేమో, నేను వ్రాసితిని. మా అమ్మాయికి శనివారములలో స్వారి నేర్పిన వృద్ధురాలొకరు నావెల్టీ కొండకు దిగువన, లోయ అంచున, మూడు గుర్రములతో నివసించుచున్నారు. మొన్నటి వరదకు ముందునాటి సాయంకాలము, కరపత్రమును నమ్మినవాడనై, జేబులో మార్కరు కలము పెట్టుకొని పోయితిని. ఆ మూటిలో ముసలిదైన గోడిగ మూడువారములుగా చిత్తడిలో నిలిచినది; దాని డెక్క నానవేసిన శనగపప్పువలె మెత్తబడియున్నది. తడి డెక్కకు సిరా అంటదు. తువాలుతో తుడిచి, ఊది ఆరబెట్టి, మోకాళ్ళపై కూర్చుండి, నా నంబరులో ఆరంకెలు వ్రాసితిని. ఏడవ అంకె యొద్ద ఆ గోడిగ కాలు మార్చుకొన్నది. మార్చుకొని మోపిన చోటు నా పాదము. గుర్రము బరువు ఇంచుమించు 500 కిలోలని పుస్తకములలో చదివియుంటిని. ఆనాడు అందులో నాలుగవవంతు తెలిసివచ్చినది. ఆ వృద్ధురాలు ఏమియు అనలేదు. లాంతరు తీసికొని లోపలికి పోయి, గడ్డిమోపులను అటకపైకి ఎక్కించుటలో పడినారు.

ఆ గడ్డిమోపులను మీరు చూచియుండరు. ఒక గుర్రము దినమునకు పదికిలోల ఎండుగడ్డి తినును. ఈ తడి సీమలో గడ్డి మెండుగా పెరుగునేగాని ఎండుట అరుదు. మంచి తిమోతి గడ్డి కాస్కేడ్ల కావల ఎలెన్స్‌బర్గ్ నుండి కనుమ దాటి రావలెను. అది వరదలో తడిసెనా బూజు పట్టును, వేడెక్కును, ఒక్కొక్కప్పుడు తనంత తానే అంటుకొనును. నీట మునిగినదానికి నిప్పు ముట్టుట ఆశ్చర్యమేగాని అబద్ధము కాదు. ఆ బూజుగడ్డి తిన్న గుర్రమునకు కడుపునొప్పి వచ్చును. గుర్రమునకు వాంతి చేసికొను శక్తిని దైవమీయలేదు. తిన్న పాడు కడుపులోనే తిరిగి ప్రాణము తీయును. నీరు తీసిన తరువాత బురదలో దాగిన కంచెతీగలు కాళ్ళను కోయును. మడమపై తోలు పెచ్చులు గట్టి పుండ్లగును, డెక్క అడుగు కుళ్ళి కంపుగొట్టును, బావినీరు చెడును. పదిమెట్లలో ఏ మెట్టును ఈ బురదలోనికి దిగలేదు. కరపత్రమునకు వరద ఒక రాత్రి, లోయకు అది మార్చినెల వరకు.

మూడవ సోపానమును ఇంతవరకు దాచితిని. 'మీ గుర్రములను ఎత్తైన నేలకు తరలింపుడు.'

ఇక్కడ నాకు హాస్యము అయిపోయినది. ఎత్తైన నేల ఎవరిది? మనది. ఇరువదియేండ్ల క్రిందట ఫిర్ చెట్లు నిలిచియుండిన చోట ఇప్పుడు నిలిచియున్నవి మన ఇండ్లు. రెండు గరాజులు, మూడు స్నానగృహములు, గృహప్రవేశమునాడు పాలు పొంగించిన వంటయిల్లు. ప్రతి కాలనీకి ఒక ఇంటి యజమానుల సంఘము, ప్రతి సంఘమునకు ఒక నిబంధనావళి. మా దానిలో కుక్కలకు లెక్క కలదు, కోడికి నిషేధము కలదు, తలుపు రంగునకు అనుమతిపత్రము కలదు. గుర్రమను మాటయే లేదు, అంతటి అపచారమును ఎవరును ఊహింపలేదు గనుక. ఆ వృద్ధురాలు లోయలో నున్నది చిత్తడిపై మక్కువచేతనా? అది మునుగునేల గనుక ఇండ్ల వ్యాపారులు దానిని ముట్టుకొనలేదు; కౌంటీవారు వ్యవసాయమునకని దానిని కట్టడిచేసిరి; అందుచేతనే ఆమె కొనగలిగినంతకు దొరకినది. మునుగును గనుక ఆమెది, మునుగదు గనుక మనది. మెట్ట నంతయు మనకమ్మి, పల్లమును ఆమెకు మిగిల్చి, ఇప్పుడు మెట్టకు పొమ్మని ఆమెకు రంగుల కాగితము పంపుట వంచన. ఆ కాగితమును చూచి, ఎంత చక్కని కార్యక్రమమో యని మన వాట్సాప్ సమూహములలో చేతులు జోడించిన బొమ్మలు పెట్టుకొనుట మన సిగ్గుమాలినతనము. నేనును పెట్టితిని.

గోదావరి లంకలలో పుట్టి, 1986 ఆగస్టు వరదను కన్నులార చూచిన మా అత్తగారు ఈ శీతకాలము మాయింటనే యున్నారు. కరపత్రమును నేను తెలుగుచేసి వినిపింపగా అంతయు విని, "బానే ఉందండీ అల్లుడుగారూ, మా ఊళ్ళో అయితే నీరొస్తందంటే పలుపులు కోసేసి గొడ్లన్నిటినీ గట్టు మీదికి తోలేసేవోరు. ఆవిడికి గట్టెక్కడుందండీ మరి?" అని అడిగినారు. గట్టు మనమేనండీ యని చెప్పుటకు నాకు నోరు రాలేదు.

గట్టు లేనివారు గట్టు కట్టుకొనరాదా యందురేమో. లోయలో అక్కడక్కడ అట్టి మట్టిగుట్టలు లేకపోలేదు. వరదలో గొడ్లును గుర్రములును వానిపై ద్వీపవాసులవలె నిలిచియుండును. కాని వరదనేలలో మట్టి పోసినచో నీటికి జాగా తగ్గును గనుక, పోసినంత మట్టికి సరిపడు గొయ్యిని మరియొకచోట త్రవ్వవలెనని సాధారణ నియమము. న్యాయముగానే యున్నది. గుట్టయు గొయ్యియు, వాని పటములును, వానికి ఇంజనీర్ల సంతకములును పూర్తియగునప్పటికి గుర్రమే పోవును.

వరదనాటి రాత్రి ఆ వృద్ధురాలు రెండు గుర్రములను ట్రైలరులో మన్రోకు, అక్కడి ఫెయిర్ మైదానపు పశువుల కొట్టములకు పంపినారు. ట్రైలరు తిరిగివచ్చులోపల ఆ దారి మునిగినది. మిగిలిన గోడిగను ఆమెయు నేనును నడిపించుకొని, టార్చిలైటు వెలుతురులో, ఏటవాలు రోడ్డుపై కొండ యెక్కితిమి. వానచినుకులకు నడుమ తడియకుండ గుర్రమును తోలగలవాడు నకులుడని చిన్ననాట విన్న కథ జ్ఞాపకమునకు వచ్చినది. మా ఇద్దరిలో నకులుడు లేడు. తెల్లవారుజాము రెండుగంటలకు గోడిగను మా ఇంటిముందు పచ్చికలో మేపిల్ చెట్టునకు కట్టితిమి. అత్తగారు లేచి ఉలవలు లేవని నొచ్చుకొని, రెండు క్యారెట్లు ఇచ్చినారు. నీరు తీసిన మూడవనాడు ఆ వృద్ధురాలు వచ్చి గుర్రమును తోలుకొనిపోయినారు. అది విడిచిన లద్దిని అత్తగారు సంచికెత్తి, ఉగాదికి బంతినారు పోసికొందునని గరాజులో దాచినారు.

వారమునకు సంఘమువారి లేఖ వచ్చినది. ఉమ్మడి దారిపై డెక్కల గుర్తులున్నవట, పచ్చిక చెడినదట, పొరుగువారొకరు ఫోటో పంపినారట, ఫోటోలో నేను గుర్రము ప్రక్కననే నిలిచియున్నాను, ఐదవ సోపానమును అనుకొనకయే నెరవేర్చితిని. జరిమానా నిర్ణయించుటకు ముందు, సదరు జంతువు ఎవరిదో, ఆ యజమానిని ఏ ఫోను నంబరున పిలువవచ్చునో వ్రాతపూర్వకముగా తెలుపవలెనని కోరినారు. నేను వెంటనే జవాబిచ్చితిని: అయ్యా, నంబరు డెక్కమీదనే యున్నది, వంగి చదువుకొనుడు. ఆరంకెలే యుండును. తక్కిన నాలుగును నా కుడిపాదముపై పడినవి.