నిచ్చెన చెప్పిన లెక్క

నేను వెదురు నిచ్చెనను. బరువు పది కిలోలు, అంటే సుమారు 100 న్యూటన్లు. గోడకు ఆనించి వదిలేస్తే తీరిగ్గా ఉన్నాననుకుంటారు. నా బాధ నాది! బరువు కిందికి లాగుతుంది, నేల పైకి నెడుతుంది, గోడ బయటికి తోస్తుంది, నేల ఘర్షణ నా పాదాన్ని జారకుండా పట్టుకుంటుంది. ఇవన్నీ సరిపోతేనే నేను కదలకుండా ఉండేది.

సంక్రాంతి ముందు వెల్ల వేయడానికి వచ్చిన మేస్త్రీ నన్ను వరండా టైల్స్ మీద నిలబెట్టాడు. తల 4 మీటర్ల ఎత్తులో, పాదం గోడకు 2 మీటర్ల దూరంలో. ఆయన బరువు 600 న్యూటన్లు. కింది మెట్ల మీద ఉన్నంతసేపు ఏమీ లేదు. సగం దాటాక నా పాదం కిర్రుమంది.

"ఇందాక మోసింది, ఇప్పుడు మోయదా?" అని విసుక్కున్నాడు. మనిషి అదే, బరువూ అదే. మారింది ఆ బరువు పడే చోటు.

ఇంటర్ చదివే ఆ ఇంటమ్మాయి నోటుబుక్కు వెనక పేజీలో నా బొమ్మ వేసింది. గోడా లేదు, నేలా లేదు. ఒక ఏటవాలు గీత, దాని మీద బాణాలు, అంతే. సమతాస్థితిలో ఏ బిందువు చుట్టూ తీసినా తిప్పే ప్రభావాల, అంటే టార్క్‌ల మొత్తం సున్నాయే కనుక, నా పాదాన్నే ఎంచుకుంది. నేల తోపు, ఘర్షణ రెండూ ఆ బిందువులోంచే పోతాయి, లెక్కలోకే రావు. గోడ నున్నగా ఉందనీ, నా బరువు సరిగ్గా నా నడిమిన పడుతుందనీ అనుకుని ఇలా రాసింది: గోడ తోపు × 4 = 100 × 1 + 600 × 2. మేస్త్రీ పై కొసకు చేరితే గోడ తోపు 325 న్యూటన్లు. దాన్ని ఆపాల్సింది ఘర్షణే. నేల తోపు 700. అంటే ఘర్షణ గుణకం (ఘర్షణ ÷ నేల తోపు) కనీసం 0.46 ఉండాలి. సున్నం పొడి రాలిన టైల్స్ మీద ఆ పట్టు ఎక్కడిది?

"పాదం మీటరు దూరానికి జరుపు అన్నా," అంది. జరిపితే సుమారు 0.21 చాలు. మరీ దగ్గరికి జరిపితే మాత్రం మేస్త్రీ వెనక్కి పడే ప్రమాదముంది.

చోటు లేక జరపలేకపోతే? 500 న్యూటన్ల బరువున్న కుర్రాణ్ణి నా మొదటి మెట్టు మీద నిలబెట్టండి. పాదానికి దగ్గర కాబట్టి అతని టార్క్ స్వల్పం, నేల తోపు మాత్రం 1200 అవుతుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్నా అప్పుడు 0.3 లోపే సరిపోతుంది. ఊరికే నిలబడ్డాడని అతని కూలి కోయకండి.