రాయికున్న యోగం

బైలడిల్లా ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో ఇనుప రాయికి ఎన్ని మర్యాదలో! తూకం వేస్తారు, శాంపిల్ తీసి పరీక్షిస్తారు, కేకే (కొత్తవలస–కిరండూల్) రైలు లైన్ మీద విశాఖ దాకా సాగనంపుతారు. అదే గనిలో పనిచేసి, రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసిన పెద్దాయనదీ అదే లైను. పిల్లలు అమెరికాలో ఉంటే దిగేది వృద్ధాశ్రమంలో. అక్కడ పరీక్షించే నాథుడెవరు?

150 మంది దాటి పనిచేసే గనిలో ప్రథమ చికిత్స గది ఉండి తీరాలని 1952 గనుల చట్టం శాసించింది. జిల్లాకొకటైనా, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమం పెట్టవచ్చునని 2007 వృద్ధుల సంక్షేమ చట్టం, అదీ దశలవారీగా! ప్రమాణాలంటారా, రాష్ట్రాల దయ. (సర్కారుకు తొందర లేదు, తొందరంతా ముసలాళ్లకే.)

హెల్మెట్ లేకుంటే గనిలోకి రానివ్వరు. బాత్రూమ్‌లో పట్టుకోను కడ్డీ లేకున్నా ఆశ్రమంలో అడ్వాన్సు పుచ్చుకుంటారు. కడ్డీకి ఇనుము దొరకలేదు కాబోలు, బైలడిల్లా కొండలు తవ్వి పంపినాయనకి!