రూబార్బ్ రకాల ఎంపికలో వర్ణ వివేచన

రూబార్బ్ చుక్కకూర కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క. అంటే ఒకసారి నాటితే ఏళ్ల తరబడి అదే దుంప నుండి ప్రతి వసంతంలో చిగురిస్తుంది. దీని పొడవాటి పుల్లని కాడలను పంచదారతో ఉడికించి భోజనానంతరం తీపి వంటకంగా ఆరగించడం బ్రిటన్ గృహస్థుల అలవాటు. వృక్షశాస్త్రం దీనిని కూరగాయగానే లెక్కించినా, వాడుకలో పండులా ఉపయోగపడుతోంది గనుక పండుగానే భావించాలని 1947లో అమెరికాలోని బఫెలో నగరపు కస్టమ్స్ కోర్టు తీర్పు చెప్పింది. దానితో దిగుమతి సుంకం తగ్గింది గాని పులుపు తగ్గలేదు.

బ్రిటన్‌లో, నాటింగమ్‌షైర్‌లోని క్లంబర్ పార్కు తోటలో వందకు పైగా రకాలను భద్రపరిచారు కాబట్టి ఎంపికకు కొరత లేదు. కొరతంతా ఎంచుకునేవారి నిగ్రహానికే. పెళ్లిళ్ల పేరయ్య చూపించే ఫొటోలో వరుడి రంగు ఎంత నిజమో నర్సరీ కేటలాగులో కాడ ఎరుపూ అంతే నిజమని తెలిసినవారు సైతం, పుట తెరవగానే వేలు పెట్టేది ఎర్రటి బొమ్మ మీదనే. ఈ ఎరుపు ఆంథోసయనిన్లు అనే వర్ణద్రవ్యాల చలవ, పులుపు మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాల చలవ. ఈ రెంటికీ చుట్టరికం లేదు గనుక, ఎర్రని కాడ తియ్యగా ఉంటుందన్న నమ్మకం ‘పైన పటారం, లోన లొటారం’ అన్న సామెతకు ఉదాహరణగా మాత్రమే పనికివస్తుంది.

ఈ వర్ణవ్యామోహం వల్ల చిన్నచూపుకు గురయ్యేది విక్టోరియా రకం. లండన్ చేరువలోని డెప్ట్‌ఫర్డ్‌లో కూరగాయలు పండించిన జోసెఫ్ మయట్ తొలిసారి ఐదు కట్టల రూబార్బ్‌ను బరో మార్కెట్‌కు పంపితే మూడే అమ్ముడయ్యాయని చెబుతారు. ఆయన అధైర్యపడక, విక్టోరియా గద్దెనెక్కిన 1837లో ఆమె పేరిట ఈ రకాన్ని విడుదల చేశాడు. రాణి పేరు పెట్టిన పదార్థాన్ని పులుపని ఈసడించడం రాజద్రోహమవుతుందని ప్రజలు జంకారో ఏమో, అది నేటికీ నిలిచి ఉంది. దీని కాడలు అడుగున గులాబీ రంగులో, పైకి పోనుపోను ఆకుపచ్చగా, లావుగా, కుటుంబానికి మించి దిగుబడినిస్తాయి. తొందర గలవారికి ఒకప్పుడు చెషైర్‌లో ఉన్న గ్రామం పేరు మోసే టింపర్లీ ఎర్లీ ఉంది. కొద్దిపాటి చలికే తృప్తిపడి అన్నిటికన్నా ముందు నిద్రలేస్తుంది. పంటను ఇంకా ముందుకు జరిపేందుకు యార్క్‌షైర్‌లోని వేక్‌ఫీల్డ్ పరిసరాల్లో దుంపలను చలికి వదిలి, తరువాత చీకటి కొట్టాల్లోకి చేర్చి, లేత కాడలను కొవ్వొత్తి వెలుగులో లాగుతారు; ఫోర్సింగ్ అనే ఈ పద్ధతిలో వచ్చిన పంటకు 2010లో ఐరోపా సమాఖ్య భౌగోళిక రక్షణ కల్పించింది. పెరటి రైతుకు అంత ఆర్భాటం అక్కర లేదు, మొక్క మీద బోర్లించిన బకెట్టు చాలు.

తెలుగు గృహస్థులు ఇక్కడ కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. గోంగూర కట్ట విప్పగానే ఆకు దూసి కాడ పారవేయడం తరతరాలుగా చేతికి అబ్బిన విద్య. రూబార్బ్ విషయంలో అదే విద్య ప్రదర్శిస్తే ఆసుపత్రి పాలు కావలసి ఉంటుంది, ఎందుకంటే దీని ఆకు విషపూరితం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆహార కొరత తీర్చేందుకు ఈ ఆకును తినవచ్చని బ్రిటన్‌లో సలహా ఇచ్చినవారూ, ఆ సలహా పాటించి విషప్రభావానికి లోనైనవారూ ఉన్నారు.

నాటిన మొదటి సంవత్సరం ఒక్క కాడనైనా కోయకూడదన్నది మరొక నియమం, దుంప బలపడేందుకు అది అవసరం. మొక్క ఇంకా కుదురుకోకముందే పచ్చడి ఎన్ని జాడీలకు వస్తుందో లెక్కించేవారి సంగతి ఆలు లేదు చూలు లేదు అన్న చందమే. కోత కాలం వచ్చాక కూడా కత్తి అక్కర లేదు. కాడను మొదట్లో పట్టి కొద్దిగా మెలితిప్పి లాగితే చాలు, అదీ సగం కాడలను మొక్కకే వదిలి.

విదేశాల్లోని తెలుగువారు ఈ కాడలతో పప్పు, పచ్చడి చేసుకుంటున్నారు. పసుపు, కారం పడ్డాక ఏ ఎరుపూ కనబడదు గనుక, అటువంటి వంటింటికి ఎర్రని రకం కొనడం దండుగ, విక్టోరియాయే సరైనది. గుంటూరు ఎండల్లో మాత్రం ఏ రకమూ బతకదు. అక్కడివారు చుక్కకూర విత్తనాలు చల్లుకోవడం మేలు.